హైదరాబాద్‌లో రోజూ బండి మీద ఆఫీసుకి: ట్రాఫిక్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు సైదాబాద్, ఆఫీసు రాయదుర్గం. పోనూ రానూ కలిపి రోజుకి 44 కిలోమీటర్లు, తొమ్మిదేళ్ల నుంచి బండి మీదే తిరుగుతున్నా. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు, మా కాలనీలో ఈ మధ్యే బండి కొన్న పిల్లలు, ఊరి నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగంలో కుదిరిన మా చుట్టాలబ్బాయిలు అందరూ అవే ప్రశ్నలు అడుగుతుంటారు, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెడదామని కూర్చున్నా. మీరు ఉప్పల్ నుంచో కూకట్‌పల్లి నుంచో వస్తుండొచ్చు, రూట్ వేరే అయినా చాలా విషయాలు ఎక్కడైనా ఒకటే.

అన్నా, ఎన్నింటికి బయల్దేరితే ట్రాఫిక్ తగలదు?

అందరూ ముందు అడిగేది ఇదే, అడగాల్సింది కూడా ఇదే. ట్రాఫిక్‌ని గెలిచేది ఇంట్లో ఉన్నప్పుడే, బండి స్టార్ట్ చేశాక గెలిచేది చాలా తక్కువ. నేను 7:50కి గేటు దాటితే 50 నిమిషాల్లో ఆఫీసులో ఉంటా. అదే 8:40కి బయల్దేరితే గంటా ఇరవై, వర్షం పడితే ఇంకా ఎక్కువ. రోడ్డు అదే, బండి అదే, నడిపేది నేనే, కానీ 8:15 దాటిందంటే స్కూల్ ఆటోలు, ఆఫీస్ క్యాబ్‌లు, కాలేజీ బస్సులు అన్నీ ఒకేసారి మెయిన్ రోడ్డు ఎక్కుతాయి. పొద్దున్నే లేవలేం అనుకునేవాళ్లకి రెండో దారి ఉంది, 10:45 తర్వాత బయల్దేరండి, షిఫ్ట్ ఒప్పుకుంటే అది కూడా బాగానే ఉంటుంది. మధ్యలో ఆ రెండున్నర గంటలు మాత్రం ఏం చేసినా ఇరుక్కుంటారు.

సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఐకియా, మైండ్‌స్పేస్, బయోడైవర్సిటీ జంక్షన్ల వైపు తల పెట్టకండి. హైబ్రిడ్ పని మొదలైన దగ్గర్నుంచి ఐటీ వైపు మంగళ, బుధ, గురువారాలు బరువుగా ఉంటున్నాయి, సోమ, శుక్రవారాలు కాస్త తేలిక. ఇంటి నుంచి పని చేసే రోజులు మీరే ఎంచుకునే వీలుంటే ఈ మూడింట్లోంచి ఎంచుకోండి.

అంత పొద్దున్నే పోయి ఆఫీసులో ఏం చేయాలి?

టిఫిన్ అక్కడే తినండి. ఇంట్లో హడావిడిగా రెండు ఇడ్లీలు మింగి ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చునే కంటే, తీరిగ్గా పోయి తిని, ఎవరూ లేనప్పుడు గంట పని చేసుకుంటే సాయంత్రం అంత ముందు బయటపడొచ్చు. మేనేజర్‌తో ముందే మాట్లాడుకుని తొమ్మిదికి లాగిన్ అయి ఐదింటికల్లా బయటపడేలా పెట్టుకున్నవాళ్లు మా టీమ్‌లోనే నలుగురున్నారు. అడగడానికి మొహమాటపడొద్దు, అడిగితేనే తెలుస్తుంది.

స్పీడుగా పోతే త్వరగా చేరం కదా అంటారు, నిజమేనా?

లెక్క వేసి చూడండి. సిగ్నల్‌కి సిగ్నల్‌కి మధ్య నాలుగు కిలోమీటర్లు ఖాళీ రోడ్డు దొరికిందనుకుందాం, హైదరాబాద్‌లో అంత దొరకదు, ఐనా దొరికిందనుకుందాం. 40లో పోతే ఆరు నిమిషాలు, 60లో పోతే నాలుగు నిమిషాలు. మిగిలిన ఆ రెండు నిమిషాలు తర్వాతి సిగ్నల్ దగ్గర పోతాయి. మీరు మాసబ్‌ట్యాంక్ దగ్గర దాటేసి వచ్చిన యాక్టివా ఆవిడ మెహదీపట్నం సిగ్నల్‌లో నిదానంగా వచ్చి మీ పక్కనే ఆగుతుంది, నాకు ఇది ఎన్నిసార్లు జరిగిందో.

ఇంకో లెక్క కూడా గుర్తు పెట్టుకోండి. 40 స్పీడులో ఒక్క సెకనుకి 11 మీటర్లు పోతాం, 60లో దాదాపు 17. స్పీడు రెట్టింపైతే బ్రేక్ కొట్టాక ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. ముందు ఆటో సడన్‌గా ఆగినప్పుడు ఈ లెక్కే ప్రాణం మీదకొస్తుంది.

సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి హైటెక్ సిటీకి ఏ రూట్ బెస్ట్?

నేను మూడు తిప్పి తిప్పి వాడతా. ఒకటి మలక్‌పేట, చాదర్‌ఘాట్, కోఠి, నాంపల్లి, లక్డీకాపూల్, మాసబ్‌ట్యాంక్, మెహదీపట్నం, టోలిచౌకి, అక్కడ షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కి రాయదుర్గం. 2022 జనవరి 1న ఆ ఫ్లైఓవర్ తెరిచారు, 2.8 కిలోమీటర్లు, అంతకుముందు ఆ కింద ఎంత నరకం చూశామో ఆ వైపు తిరిగినవాళ్లకే తెలుసు. ఎనిమిది లోపు అయితే ఈ రూట్‌ని మించింది లేదు.

రెండోది లక్డీకాపూల్ నుంచి ఖైరతాబాద్, పంజాగుట్ట, కేబీఆర్ పార్క్, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, రోడ్ నంబర్ 36, 45, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి. మాదాపూర్‌లో, ఇనార్బిట్ వైపు పనిచేసేవాళ్లకి ఇది దగ్గర. 2020లో బ్రిడ్జి తెరిచాక ఆ చివర తేలికైంది కానీ చెక్‌పోస్ట్ దగ్గర ఆగిందంటే ఆగిందే.

మూడోది ఒవైసీ హాస్పిటల్ జంక్షన్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా ఇన్నర్ రింగ్ రోడ్డు పట్టుకుని అత్తాపూర్, అక్కణ్నుంచి లంగర్‌హౌజ్, టోలిచౌకి. కిలోమీటర్లు ఎక్కువ, పెట్రోల్ ఎక్కువ, కానీ అసెంబ్లీ నడిచే రోజుల్లో లక్డీకాపూల్ దగ్గర బండ్లు ఆపేస్తుంటారు చూడండి, అప్పుడు ఈ చుట్టే నయం. ఎక్కువ దూరమైనా చక్రం తిరుగుతూ ఉంటే మనిషి అలిసిపోడు, తక్కువ దూరం అని పోయి హాఫ్ క్లచ్‌లో గంట నిలబడితే చెయ్యి పడిపోతుంది.

ఏ రూట్ అయినా, తప్పించుకునే సందు ఎక్కడుందో ముందే తెలిసుండాలి. ఓ ఆదివారం పొద్దున్న ఖాళీగా ఉన్నప్పుడు మీ రూట్ మొత్తం నిదానంగా తిరిగి చూడండి, ఏ గల్లీ ఎక్కడ తేలుతుంది, గుంతలు ఎక్కడున్నాయి, యూటర్న్ ఎక్కడుంది అని. నేను ఆ ఒక్క ఆదివారం నేర్చుకున్నది మూడు నెలలు తిరిగినా నేర్చుకోలేదు.

పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద బండి పోనిస్తారా? ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద?

రెండూ పోనివ్వరు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే మీద టూవీలర్లకి పర్మిషన్ లేదు, కింద పిల్లర్ల వెంట పోవాల్సిందే. 158 కిలోమీటర్ల ఔటర్ మెయిన్ రోడ్డు కూడా అంతే, సర్వీస్ రోడ్డు మాత్రం వాడుకోవచ్చు. కొత్తగా వచ్చినవాళ్లు తెలియక ర్యాంప్ ఎక్కేసి మధ్యలో భయపడి వెనక్కి తిప్పుతుంటారు, దయచేసి ఆ పని మాత్రం చేయకండి, అక్కడ కార్లు వచ్చే స్పీడుకి ఎదురు తిరిగితే తప్పించుకునే టైం కూడా ఉండదు.

గూగుల్ మ్యాప్స్‌ని నమ్మొచ్చా?

నమ్మండి కానీ మ్యాప్‌లో టూవీలర్ మోడ్ పెట్టుకోండి. 2017 డిసెంబర్ నుంచే మన దేశంలో ఆ మోడ్ ఉంది, ఐనా సగం మంది కార్ మోడ్‌లోనే చూస్తారు, అది పోయి ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కమంటుంది. నేను ఇంట్లో చెప్పులు వేసుకునే ముందు ఒకసారి చూస్తా, లక్డీకాపూల్, టోలిచౌకి రెండు చోట్ల ఎరుపు ఎంతుందో చూసి రూట్ తేల్చుకుని ఫోన్ జేబులో పెట్టేస్తా. మ్యాప్ చెప్పిన ప్రతి గల్లీలోకీ దూరొద్దు. రెండు నిమిషాలు కలిసొస్తుందని చూపిస్తుంది గానీ ఆ గల్లీలో పొద్దున ఎనిమిదింటికి నీళ్ల ట్యాంకర్ అడ్డంగా నిలబడి ఉంటుందని దానికి తెలియదు.

కార్ల మధ్య సందుల్లోంచి దూరడం తప్పా?

అందరం చేస్తాం, చేయట్లేదని నేను అబద్ధం చెప్పను. కానీ నాకు నేను పెట్టుకున్న హద్దులు చెబుతా. కార్లు పూర్తిగా ఆగి ఉన్నప్పుడే దూరతా, కదులుతున్నప్పుడు దూరను. నడక కంటే కొంచెం ఎక్కువ స్పీడు, రెండు వేళ్లు బ్రేక్ మీద. ఆగిన క్యాబ్ ఎడమ పక్క నుంచి అస్సలు పోను, ఎందుకంటే ట్రాఫిక్‌లో విసుగొచ్చిన ప్యాసింజర్ అక్కడే డోర్ తీసి దిగిపోతాడు, వెనక చూడడు. బస్సుకీ లారీకీ మధ్యలో ఎంత జాగా ఉన్నా పోను. సిగ్నల్‌లో గ్రీన్ పడటానికి ఐదు సెకన్లే ఉన్నప్పుడు ఎక్కడున్నానో అక్కడే ఆగిపోతా, మధ్యలో ఉండగా అన్నీ ఒకేసారి కదిలితే మనం సున్నితంగా తప్పుకునే వీలుండదు.

యూటర్న్ కిలోమీటర్ దూరం ఉంది, వంద మీటర్లు రాంగ్ రూట్‌లో పోతే ఏమవుతుంది?

ఏమీ కానిరోజు ఏమీ కాదు, అదే దీంట్లో ఉన్న ప్రమాదం. వంద రోజులు ఏమీ కాకపోయేసరికి అదే మన రూట్ అనుకుంటాం. సైబరాబాద్ వైపు చాలా జంక్షన్లు మూసేసి యూటర్న్‌లు పెట్టారు, సిగ్నల్ లేకుండా బండ్లు పోతుంటాయి కాబట్టి మెయిన్ రోడ్డు వేగంగా కదులుతుంది నిజమే, కానీ ఆ వేగంగా వచ్చే కారువాడు ఎడమ అంచున ఎదురుగా బండి వస్తుందని కలలో కూడా అనుకోడు. పైగా రోడ్డు దాటే పెద్దవాళ్లు కుడివైపే చూసి అడుగు వేస్తారు, ఎడమ నుంచి వచ్చే మనం వాళ్లకి కనబడం. మా కాలనీలో ఒక పెద్దాయన తుంటి విరిగింది ఇలాగే, ఆయన తప్పు ఏమీ లేదు. ఆ కిలోమీటర్‌కి రెండు మూడు నిమిషాలు పడుతుంది, పోయి తిరిగి రండి.

ఫ్రీ లెఫ్ట్‌లో ముందుకి పోయి ఆగితే త్వరగా కదలొచ్చు కదా?

మీరు కదులుతారు, వెనక ఎడమకి తిరగాల్సిన యాభై మంది ఆగిపోతారు. దయచేసి వద్దు. అంబులెన్స్ వెనక ఉంటే మాత్రం స్టాప్ లైన్ దాటి అయినా సరే పక్కకి జరిగి దారివ్వండి.

బస్సులు, ఆటోలతో ఎలా వేగాలి?

ఆటోకి వెనక లైటు ఎప్పుడు వెలుగుతుందా అని చూడకండి, ఫుట్‌పాత్ మీద చెయ్యి ఎత్తిన మనిషిని చూడండి. మనిషి చెయ్యెత్తితే ఆటో ఆగుతుంది, అంతే, ఎక్కడున్నా ఆగుతుంది. బస్సు స్టాప్‌కి వస్తుంటే ఎడమ వైపు నుంచి దూరొద్దు, పూర్తిగా ఆగకముందే జనం దిగుతారు. బస్సు అద్దంలో డ్రైవర్ మొహం మీకు కనబడకపోతే మీరూ ఆయనకి కనబడనట్టే, ఆ జాగాలో ఎక్కువసేపు ఉండకండి, ముందుకన్నా పోండి వెనక్కన్నా తగ్గండి.

వర్షం పడితే ఏం చేయాలి?

దీని గురించి ఎంత రాసినా తక్కువే. వర్షం పడ్డ మొదటి ఇరవై ముప్పై నిమిషాలే ఎక్కువ జారుడు, రోడ్డు మీద ఉన్న ఆయిల్, దుమ్ము నీళ్లతో కలిసి సబ్బు నురగలాగా అవుతుంది. జోరుగా పడి కడిగేశాక కొంచెం పట్టు వస్తుంది. అందుకే చినుకులు మొదలవగానే గ్యాస్ కొట్టి (యాక్సిలరేటర్ తిప్పి) ఇంటికి ఉరకొద్దు, మెట్రో స్టేషన్ కింద కాసేపు ఆగండి, కానీ రోడ్డు మధ్యలోకి వచ్చి గుంపులు గుంపులుగా ఆగితే మిగతావాళ్లకి దారి ఉండదు, అంచుకి జరిగి ఆగండి.

ఫ్లైఓవర్ల మీద అడ్డంగా ఉండే ఇనుప జాయింట్లు, జీబ్రా తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు తడిసినప్పుడు అద్దంలా జారతాయి. వాటి మీద ఉన్నప్పుడు బ్రేక్ కొట్టొద్దు, బండి వంచొద్దు, నిటారుగా దాటేయండి.

నీళ్లు నిలిచే చోట్లు ఏటా దాదాపు అవే. మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద, అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర, ఖైరతాబాద్ నుంచి రాజ్‌భవన్ రోడ్డు, టోలిచౌకి. జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడల్లా మూసారాంబాగ్ పాత వంతెన మీదకి మూసీ నీళ్లొచ్చి దారి మూసేసేవాళ్లు, ఆ బండ్లన్నీ వచ్చి చాదర్‌ఘాట్ మీద పడేవి. కాబట్టి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్ల వార్త వింటే మా వైపువాళ్లు ముందే రూట్ మార్చుకోవాలి.

ఓసారి మలక్‌పేట బ్రిడ్జి కిందకి వచ్చేసరికి నీళ్లు మోకాలికి కొంచెం కింద దాకా ఉన్నాయి. ఆగితే వెనక హారన్లు, పోతే కింద ఏముందో తెలియదు. ముందు ఒక ఆర్టీసీ బస్సు పోతుంటే దాని కుడి చక్రం పోయిన గీత మీదే, ఇరవై అడుగుల వెనక, ఫస్ట్ గేర్‌లో, యాక్సిలరేటర్ వదలకుండా హాఫ్ క్లచ్ మీద దాటా. గ్యాస్ వదిలితే సైలెన్సర్‌లోకి నీళ్లు ఎక్కుతాయి. దాటాక రెండు వందల మీటర్లు బ్రేక్ కొంచెం కొంచెం నొక్కుతూ పోయా, డ్రమ్ బ్రేక్ తడిస్తే ఆరేదాకా పట్టదు. ఆరోజు దాటాను గానీ ఇప్పుడైతే దిగను, వెనక్కి తిప్పి కూర్చుంటా. నీళ్లు సైలెన్సర్ పైదాకా ఉంటే దిగొద్దు, మధ్యలో బండి ఆగిపోతే సెల్ఫ్ కొట్టొద్దు, ఇంజన్‌లోకి నీళ్లు లాగుతుంది, తోసుకుంటూ బయటికి వచ్చి మెకానిక్‌కి చూపించండి.

రెయిన్‌కోట్ ప్యాంటు, జాకెట్ విడివిడిగా ఉండేది కొనండి. ఆ గొంగళిలాగా కప్పుకునేది గాలికి ఎగిరి చైన్‌లోకో చక్రంలోకో పోతుంది.

2023 జూలై వానల్లో సైబరాబాద్ పోలీసులే ఐటీ కంపెనీలని దశలవారీగా లాగౌట్ పెట్టమని చెప్పారు. అలాంటి మెసేజ్ వస్తే మీ టైం వచ్చిందాకా ఆగండి, అందరికంటే ముందు దూకాలని చూస్తే అందరూ అదే చూస్తారు.

వర్షం లేకపోయినా బండి జారుతుందా?

జారుతుంది, నేను పడ్డది ఎండాకాలంలోనే. మాదాపూర్‌లో ఒక ఎత్తు రోడ్డు, పొద్దున ఎనిమిదిన్నర, ముందు ఎక్కడో పోయిన వాటర్ ట్యాంకర్ వెనక పైపు నుంచి నీళ్లు కారి రోడ్డు మీద ఒక చారలాగా పడి ఉంది. వంపులో ఉన్నా, ఆ చార కనబడింది, కనబడగానే చేయకూడని పని చేశా, ముందు బ్రేక్ గట్టిగా పట్టా. ముందు చక్రం ఎడమకి పోయింది, నేను మోచేతి మీద పడ్డా, బండి ఒక పదడుగులు అలా గీసుకుంటూ పోయింది. స్పీడు ముప్పై కూడా లేదు. వెనక వచ్చే స్కూటీ అమ్మాయి ఆపి తన బండి అడ్డం పెట్టింది, పక్కన టీ బండి అన్న చెంబుతో నీళ్లు తెచ్చి చెయ్యి కడిగాడు. వాళ్లిద్దరి మొహాలు ఇప్పటికీ గుర్తే.

అప్పట్నుంచి వంపు రాకముందే స్పీడు తగ్గిస్తా, వంపులో బ్రేక్ పట్టను. కోకాపేట, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు పోయేవాళ్లకి ఇంకోటి, రెడీమిక్స్ లారీల నుంచి పడ్డ కాంక్రీట్ ముద్దలు గట్టిపడి రోడ్డు మీద రాళ్లలా ఉంటాయి, రోడ్డు రంగులోనే ఉంటాయి కాబట్టి రాత్రి కనబడవు. లారీ వెనక దగ్గరగా పోతే అది దాటేదాకా మీకు కనబడనే కనబడవు.

హెల్మెట్ ఏది కొనాలి?

ఐఎస్ఐ మార్కు, దాని మీద ఐఎస్ 4151 అని ఉండాలి. 2021 జూన్ 1 నుంచి ఆ మార్కు లేనివి అమ్మకూడదు, ఐనా రోడ్డు పక్కన అమ్ముతూనే ఉన్నారు. ఫుల్ ఫేస్ తీసుకోండి, పడినప్పుడు గడ్డం కూడా తగులుతుంది. లోపల ఉండే థర్మాకోల్ నలిగి దెబ్బని తాను తీసుకుంటుంది, ఒకసారి నలిగితే మళ్లీ పొంగదు, అందుకే గట్టిగా ఒక దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా పక్కన పెట్టేయాలి. నేను పడ్డాక మార్చా. స్ట్రాప్ పెట్టకపోతే హెల్మెట్ పెట్టుకోనట్టే, గడ్డం కింద రెండు వేళ్లు పట్టేంత బిగువు చాలు. రాత్రి పూట గీతలు పడ్డ అద్దం, నల్ల అద్దం రెండూ వద్దు, ఎదురు లైట్లు పడితే ముందు ఏముందో తెలియదు.

ఫోన్ హెల్మెట్‌లో ఇరికించి మాట్లాడొచ్చా?

వద్దు. రెండు సెకన్లు ఫోన్ వైపు మనసు పోతే 40 స్పీడులో 22 మీటర్లు చూడకుండా పోయినట్టు, రెండు బస్సుల పొడవు. అర్జెంట్ అయితే పక్కకి ఆపండి. హ్యాండిల్‌కి ఫోన్ బిగించేవాళ్లు కూడా ఆలోచించుకోండి, బండి అదురుకి ఐఫోన్ కెమెరా పాడయ్యే అవకాశం ఉందని యాపిల్ కంపెనీయే 2021లో చెప్పింది.

గేర్ బండి మంచిదా, స్కూటీనా, ఎలక్ట్రిక్ తీసుకోవాలా?

సిటీలో రోజుకి 20 కిలోమీటర్ల లోపు అయితే కళ్లు మూసుకుని స్కూటీ, ఎడమ చేతికి క్లచ్ బాధ ఉండదు. నాలాగా 44 తిరిగేవాళ్లకి, గుంతలు ఎక్కువున్న రూట్‌కి పెద్ద చక్రాల గేర్ బండి నయం, 100 నుంచి 125 సీసీ చాలు. 200 సీసీ బండి కోఠిలో పదిహేను స్పీడులోనే పోతుంది, కాళ్లకి వేడి మాత్రం ఎక్కువ తగులుతుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకి ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) తప్పనిసరి, సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు అది ఉందో లేదో చూసుకోండి.

ఇంట్లో చార్జింగ్ పెట్టుకునే వీలుంటే ఎలక్ట్రిక్ బాగుంటుంది. తెలంగాణలో 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. నాలుగో అంతస్తులో అద్దెకుండి కింద ప్లగ్ లేనివాళ్లు మాత్రం ముందు ఇంటి ఓనర్‌ని అడిగి కొనండి.

బండికి ఏమేం చూసుకోవాలి?

గాలి వారానికోసారి, చైన్‌కి ఆయిల్ ప్రతి 500 కిలోమీటర్లకి, అంటే నాకు పన్నెండు రోజులకోసారి. ఎంత గాలి కొట్టాలో బండి మీద స్టిక్కర్ ఉంటుంది, పంక్చర్ షాపతను చెప్పింది కాదు, అది చూసి కొట్టించుకోండి. టైర్ గాళ్లలో చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి, టైరు అరిగి వాటితో సమానం అయిందంటే మార్చాలి, వానలకి ముందు జూన్‌లోనే చూసుకోండి. ట్యూబ్‌లెస్‌లో మేకు దిగితే అక్కడే పీకొద్దు, నిదానంగా షాప్ దాకా పోండి. బ్రేక్ లైట్ వెలుగుతోందో లేదో వారానికోసారి గోడ ముందు చూసుకోండి, వెనకవాడికి మనం ఆగుతున్నామని చెప్పేది అదొక్కటే.

పెట్రోల్ ఎంత అవుతుంది? మెట్రో నయం కాదా?

నాకు రోజుకి ఒక లీటర్. లీటర్ 107 రూపాయల లెక్కన నెలకి 24 రోజులు, 2,568. సర్వీసింగ్, టైర్లు వేరే. మెట్రో చాలామందికి నయమే, నేను కూడా వానాకాలం వారానికి ఒకట్రెండు రోజులు దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గంలో దిగుతా. స్టేషన్ నుంచి మీ ఆఫీసు నడిచేంత దూరమైతే బండి తీయకండి. అక్కడ దిగాక మళ్లీ ఆటోకి కొట్లాడాల్సి వస్తేనే బండి. రోజూ బండే, రోజూ మెట్రోనే అని పట్టుదల ఎందుకు, వాన చూసి, ఒంట్లో ఓపిక చూసి ఏరోజుకారోజు తేల్చుకోండి.

సిగ్నల్ దగ్గర టైమర్ ముప్పై సెకన్లు దాటి చూపిస్తే ఇంజన్ ఆపేయండి.

మే నెలలో ఎండకి ఎలా?

నూలు ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మెడకి తడి రుమాలు, బయల్దేరే ముందు మజ్జిగ. మధ్యాహ్నం తప్పనిసరై పోతే కళ్లు తిరిగినట్టు అనిపించగానే నీడకి ఆపండి, ఇంకో సిగ్నలే కదా అని లాగొద్దు.

నడుం నొప్పి వస్తోంది, ఏం చేయాలి?

ల్యాప్‌టాప్ బ్యాగ్ భుజాన మోయకుండా వెనక సీటుకి కట్టండి, చార్జర్ ఆఫీసులో ఒకటి పెట్టుకోండి. క్లచ్ కేబుల్ బిగుసుకుపోతే మణికట్టు నొప్పి కూడా వస్తుంది, కేబుల్ మారిస్తే చాలా తేడా ఉంటుంది. నెల దాటినా తగ్గకపోతే డాక్టర్ దగ్గరకి పోండి.

వెనక ఇంట్లోవాళ్లని ఎక్కించుకుంటే?

వాళ్లకి కూడా హెల్మెట్, చట్టం కూడా అదే చెబుతుంది. చున్నీ, చీర కొంగు చుట్టి ముడేసుకున్నాకే బండి కదలాలి, చక్రంలో పడితే లాగేది మెడనే. మా చెల్లికి ఒకసారి చున్నీ అంచు చక్రంలో పడింది, దేవుడి దయ, అప్పుడే గేటు దాటుతున్నాం కాబట్టి వెంటనే ఆపేశా. ఇప్పుడు శారీ గార్డ్ (వెనక చక్రంలో బట్ట పడకుండా అడ్డుగా ఉండేది) లేని బండి మీద ఆడవాళ్లని ఎక్కించుకోను.

చలాన్లు తర్వాత డిస్కౌంట్‌లో కట్టొచ్చా?

2022 మార్చిలో టూవీలర్లకి 75 శాతం, 2023 డిసెంబర్‌లో 80 శాతం తగ్గించింది నిజమే. మళ్లీ ఇస్తారని కూర్చోకండి, ఎప్పటికప్పుడు చూసుకుని కట్టేయండి. మీ చలాన్ ఫొటో తెరిచి చూడండి, ఎక్కడ ఏ తప్పు చేస్తున్నామో మనకే తెలుస్తుంది. బండి కాగితాలు ఫోన్‌లో ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో పెట్టుకుంటే చాలు, చెల్లుతాయి.

ఏ రోజుల్లో రూట్ మార్చుకోవాలి?

జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్, సాయంత్రాలు నాంపల్లి, ఎంజే మార్కెట్ వైపు వద్దు. వినాయక నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్, ఖైరతాబాద్ మర్చిపోండి, సెలవు దొరికితే తీసుకోండి. మొహర్రం పదో రోజు బీబీ కా ఆలం ఊరేగింపు డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ దాకా వస్తుంది, మా రూట్‌కి అది నేరుగా తగులుతుంది. ఉప్పల్‌లో మ్యాచ్ ఉంటే ఆ వైపువాళ్లు ఐదు లోపు ఇల్లు చేరాలి. డిసెంబర్ 31 రాత్రి చాలా ఫ్లైఓవర్లు మూసేస్తారు. పెళ్లిళ్ల సీజన్‌లో టోలిచౌకి వైపు ఫంక్షన్ హాళ్ల ముందు రాత్రి తొమ్మిది తర్వాత బరాత్‌లు.

ముందు ఎవరైనా పడిపోతే ఆగాలా? కేసులవుతాయని భయం.

ఆగండి. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ పెట్టారు, సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ముందు మీ బండి వెనకగా అడ్డం పెట్టి ఇండికేటర్ వేయండి, 108కి ఫోన్ చేయండి, మెడ కదల్చకండి, హెల్మెట్ లాగకండి. నా వెనక ఆ అమ్మాయి బండి అడ్డం పెట్టకపోతే ఆరోజు నా మీద నుంచి ఏం పోయేదో.

రాత్రి లేటైతే ఇంట్లో భయపడుతున్నారు, ఏం చెప్పాలి?

భయపడటం న్యాయమే. మా అమ్మ ఇప్పటికీ గేటు చప్పుడు కోసం కూర్చుంటుంది. నేను ఆఫీసు పార్కింగ్‌లో బయల్దేరేటప్పుడు ఒక మెసేజ్ పెడతా, ఏ రూట్‌లో వస్తున్నానో కూడా రాస్తా, పదిన్నర దాటితే టోలిచౌకి దాటాక ఒకచోట ఆగి చాయ్ తాగి ఫోన్ చేస్తా. అలిసిపోయి కళ్లు మూతపడుతుంటే బండి ఆఫీసులోనే వదిలేసి క్యాబ్‌లో వస్తా. కుక్కలు వెంటపడే గల్లీ మా ఇంటికి రెండు సందుల అవతల ఒకటుంది, అక్కడ గ్యాస్ కొట్టకుండా నిదానంగా వస్తా, నిదానంగా వస్తే అవీ లేవవు, అమ్మకి కూడా బండి చప్పుడు అక్కడి నుంచే తెలిసిపోతుంది, నేను మలుపు తిరిగేసరికి గేటు లైటు వెలుగుతుంది.